యుమ్మాకి నీళ్ళు తాగించడం

"రేపు పొద్దున్న తొమ్మిదింటికి నువ్వీ ఇంట్లో లేవు" అంది మామా, నేను పనిచేసే ఇంటి యజమానురాలు, గుమ్మంలో నిలబడి.

అప్పుడు నేను యుమ్మాని ఎడమ పక్కకి తిప్పి వీపుకి పౌడరు రాస్తున్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నన్ను పంపించేస్తోందనుకున్నాను. మూడేళ్ళలో ఏం తప్పు చేశానా అని ఒక్క క్షణంలో అంతా వెతుక్కున్నాను. మామా లోపలికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పాక తెలిసింది, పంపించడం కాదు, దాచడం.

యుమ్మా అంటే మామావాళ్ళ అమ్మ. ఈ అరబ్బు దేశంలో, మా జహ్రా ఊళ్ళో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. మాటా పోయింది. మామాకి విడాకులై ఎనిమిదేళ్ళు. యుమ్మా కొడుకులిద్దరూ ప్రతి శుక్రవారం వచ్చి తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి, చాయ్ తాగి వెళ్ళిపోతారు. తల్లిని చూసుకునే ఒంటరి ఆడదానికి సర్కారు నెలనెలా సాయం చేస్తుందని ఎవరో చెబితే, మామా ముఖ్తార్ ఆఫీసులో అర్జీ పెట్టుకుంది. ముఖ్తార్ అంటే మన ఊరి ప్రెసిడెంటు లాంటివాడు, ఆ పేటకి పెద్ద. విచారణకి ఒకావిడ వస్తుందట. ఇంట్లో పనిమనిషి ఉందని తెలిస్తే నీకు సాయమెందుకంటారు. పైగా నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండి పనిచెయ్యడానికిచ్చే అనుమతి కార్డు, మామావాళ్ళ పెద్దన్నయ్య పేరు మీద ఉంది. ఎవరి పేరు మీద ఇఖామా ఉంటే వాళ్ళింట్లోనే పని చెయ్యాలి. ఇంకో ఇంట్లో దొరికితే మామాకి జరిమానా, నాకు విమానం.

పెరటి గోడ దగ్గర హమీదా బీకి ఈ సంగతి చెప్పాను. పక్కింట్లో వంట చేస్తుంది, రాయచోటి మనిషి. ఆమె గుడ్డలు పిండడం ఆపి నా మొహంలోకి చూసింది.

"చెప్పినట్ల దాంకో గంగా. ఆ మూలింట్లో మలబారీ పిల్లని ఎట్ల తీసకపోయినారో నేను కండ్లారా చూస్తి. చెప్పులు గూడ ఏసుకోనియ్యలేదు. నీ పిల్ల చదువు ఏం గావల్ల?"

ఆ పిల్ల చెప్పులు రెండు రోజులు ఆ గుమ్మంలోనే పడి ఉన్నాయి. నేనూ చూశాను. మా అమ్మాయి సత్యలక్ష్మి అమలాపురంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను దిగిన మర్నాడే దాన్ని స్కూలు మానిపిస్తాడు వాళ్ళ నాన్న. అనుమానమే లేదు.

ఆ సాయంత్రం యుమ్మాకి నీళ్ళెలా తాగించాలో మామాకి చూపించబోయాను. రెండు దిళ్ళు ఎత్తి కూర్చోబెట్టాలి, తల వెనక చెయ్యి పెట్టి గడ్డం ఎదురురొమ్ముకి ఆనేలా వంచాలి, చెంచాతో ఎడమ బుగ్గలో పొయ్యాలి, మింగేదాకా ఆగాలి. పడుకోబెట్టి పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నాకొచ్చిన ముక్కల అరబ్బీలో ఇదంతా చెప్పాను. మామా తలుపు దగ్గరే నిలబడి వింది. తల్లిని అలా చూడలేదావిడ. చెడ్డది కాదు, భయం. "ఖలాస్, ఖలాస్, తెలిసింది" అని వెళ్ళిపోయింది. ఏం తెలిసిందో ఆ దేవుడికే తెలియాలి.

దాక్కోవడం నాకు కొత్త కాదు. మా అత్త సూరాయమ్మకి కూడా ఇలాగే పక్షవాతం వచ్చింది. ఆరేళ్ళు ఎత్తి దించాను. ఆ ఆరేళ్ళూ ఎవరైనా మీ ఆవిడేం చేస్తుందని అడిగితే, మా ఆయన అబ్బులు "ఇంట్లో ఖాళీగానే ఉంటాదండి" అనేవాడు. ఒకరోజు ముసలివాళ్ళ పింఛను రాసుకోడానికి ఆఫీసరుగారు వస్తున్నారని తెలిసింది. దిక్కూ మొక్కూ లేనివాళ్ళకే ఇస్తారట. "అమ్మని చూసేవోళ్ళెవరూ లేరని చెప్తాను. నేనూ కూలికెళ్తే ఊరి మీద ఉంటాను. నువ్వా టయానికి కంటికి కనపడకు" అన్నాడు మా ఆయన. పాక వెనక గడ్డిమేటు చాటున కూర్చున్నాను. ఆఫీసరుగారు మధ్యాహ్నం ఎప్పుడో వచ్చారు. లోపల అత్త "రత్నం, దాహమే" అని పిలుస్తోంది, గంగ అని కాదు, రత్నం అనే పిలిచేది నన్ను. రత్నం ఎవరని ఆయన అడిగారు. "చచ్చిపోయిన మా చెల్లెలండి. ముసల్దానికి మతి లేదు" అన్నాడు నా మొగుడు. పాపం నీళ్ళియ్యవయ్యా అన్నారాయన. మా ఆయన గ్లాసెత్తి, పడుకున్న మనిషి నోట్లో పోసేశాడు. ఆ పొలమారిన దగ్గు గడ్డిమేటు దాకా వినపడింది. లేచి వెళ్ళలేదు. చచ్చిపోయినదాన్ని కదా, ఎలా వెళ్తాను? మర్నాటికి జ్వరం, అయిదో రోజుకి అత్త లేదు. వయసైపోయిందన్నారు అందరూ. పింఛను మంజూరైన కాగితం పెద్దకర్మ అయ్యాక వచ్చింది. ఆ కాగితంలో మా అత్తకి ఎవరూ లేరు.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. హమీదా బీకి కూడా.

మర్నాడు ఎనిమిదింటికే నా పని మొత్తం అయిపోయింది. యుమ్మాకి స్నానం, జడ, ఉతికిన దుప్పటి. కడుపు నిండా నీళ్ళు పట్టించాను, గంటసేపు దాహం వెయ్యకూడదని. నా పరుపూ, పెట్టే, గోడకున్న చీరా అన్నీ మామా చెప్పినట్టే సామాన్ల గదిలోకి చేర్చాను. యుమ్మా గది పక్కనే అది. బియ్యం బస్తాల మధ్య కూర్చుంటే తలుపు సందులోంచి మంచం కాళ్ళ వైపు కనిపిస్తుంది. యుమ్మా నన్నే చూస్తోంది, ఎక్కడికన్నట్టు. "ఇక్కడే ఉన్నానమ్మా" అని చెప్పాను. మూడేళ్ళుగా ఆవిడతో తెలుగే మాట్లాడుతున్నాను. మాట లేనావిడకి ఏ భాషయితేనేం?

తొమ్మిది కాదు, పదిన్నర అయింది వచ్చేసరికి. బురఖాలాంటి నల్లటి అబాయా, నెమ్మదైన గొంతు. ఆవిడ కఠినంగా ఉంటే బాగుండేదనిపించింది, నాకు కోపమైనా వచ్చేది. రోజుకెన్నిసార్లు తిప్పుతారని అడిగింది. ఏం పెడతారని అడిగింది. మామా అన్నీ సరిగ్గానే చెప్పింది, నేను నేర్పినవే. ఎవరు చూసుకుంటారు అంటే "అనా" అంది మామా. నేనే అని. తర్వాత దుప్పటి తీసిన చప్పుడు. మూడేళ్ళు మంచంలో ఉన్న మనిషి వీపు మీద ఒక్క పుండు లేదే, నీ చేతులు చల్లగుండాలి అందావిడ. చీకట్లో నేను నా చేతుల వంక చూసుకున్నాను. ఇన్నేళ్ళలో ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి, అదీ ఇంకొకరి ఖాతాలో. ఏడుపొచ్చింది. ఏడిస్తే వినపడుతుందని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు మంచం ఇనప పట్టీ మీద టక్, టక్, టక్ మని మూడు దెబ్బలు. యుమ్మా ఎడం చెయ్యి. అది దాహం గుర్తు. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు.

ఏం కావాలంటోంది అని అడిగిందావిడ. ఏసీ ఎక్కువైందేమో అంది మామా. మళ్ళీ మూడు దెబ్బలు. బల్ల మీద గ్లాసుంది కదా, దాహమేమో, ఇవ్వండి అంది ఆ వచ్చినావిడ. నేను మనసులో లెక్కపెడుతున్నాను: ముందు దిళ్ళు. దిళ్ళు ఎత్తు మామా. దిళ్ళ చప్పుడు లేదు. గ్లాసు ఎత్తిన చప్పుడే వినిపించింది.

తర్వాత ఆ దగ్గు.

కూర్చో, అంది నా లోపల ఒక గొంతు. అది హమీదా బీ గొంతులా ఉంది, మా ఆయన గొంతులానూ ఉంది. నీ పిల్ల చదువు. గుమ్మంలో చెప్పులు. మరొక్క నిమిషం ఓర్చుకుంటే ఆవిడ వెళ్ళిపోతుంది. నిజంగా కూర్చునే ఉన్నాను, ఒకటో రెండో క్షణాలు. అబద్ధమెందుకు చెప్పాలి? తర్వాత తలుపు ఎప్పుడు తీశానో నాకు గుర్తులేదు.

యుమ్మా మొహం నల్లబడిపోయింది. మామా చేతిలో గ్లాసుంది, సగం నీళ్ళు దుప్పటి మీదే ఉన్నాయి. యుమ్మాని లేపి నా భుజం మీదికి వాల్చుకుని వీపు మీద చరిచాను. ఒకసారి, రెండుసార్లు. నీళ్ళు ముక్కులోంచీ నోట్లోంచీ నా జాకెట్టు మీదికి వచ్చాయి. గురగుర ఆగి ఊపిరి అందింది. ఎడం చెయ్యి నా కొంగు పట్టుకుంది. దిళ్ళు ఎత్తి కూర్చోబెట్టి, గడ్డం వంచి, చెంచాడు నీళ్ళు ఎడమ బుగ్గలో పోశాను. "మింగు తల్లీ, మింగు" అన్నాను. మింగింది.

ఎవరీమె, అని అడిగిందావిడ మామాని. మామా నా వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అన్నయ్య ఇంటి నుంచి ఏదో ఇచ్చిపోడానికి వచ్చిందని చెబుతుంది, నేను తలూపితే చాలు. మామా నోరు తెరిచింది. నన్ను చూస్తూనే ఏడ్చేసింది. మామాకీ నాకున్నంత భయం ఉంది, అది అప్పుడే చూశాను.

వచ్చినావిడ కలం పట్టుకుని నా వైపు తిరిగింది. యుమ్మాని ఎవరు చూసుకుంటారు, అని మళ్ళీ అడిగింది, ఈసారి నన్ను.

సత్యలక్ష్మి మొహం కళ్ళ ముందుంది. గడ్డిమేటు ఉంది.

"అనా" అన్నాను.

ఇఖామా చూపించమంది. సామాన్ల గదిలోకి వెళ్ళి, పెట్టె తెరిచి, చీరల అడుగునున్న కార్డు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని తిప్పి చూస్తూంటే, నేను మళ్ళీ మంచం దగ్గరికి వెళ్ళి యుమ్మా తల వెనక చెయ్యి పెట్టాను. గ్లాసులో ఇంకా కొన్ని నీళ్ళు మిగిలున్నాయి.