రాహేలమ్మ చేసిన ప్రార్థన

రాహేలమ్మ ప్రార్థన అందుకుందంటే వీధి చివరిదాకా వినిపిస్తుంది. సిద్దిపేటలో వాళ్ల చర్చి స్త్రీల సమాజానికి ఇరవై ఏళ్లుగా ఆమే ప్రెసిడెంటు. తెల్లారితే జావ కాచి, క్యాన్లో పోసుకుని, దవాఖానలో బాలింతలకు పంచి వస్తుంది. ఎవరింట్లో చావైనా ఆ పూట వంట ఆమెదే. పెనిమిటి పోయాక కుట్టుమిషన్ తొక్కి ఒక్కగానొక్క కూతురు సంధ్యను లెక్చరర్‌ను చేసింది. ఇన్ని చేసిన మనిషికి నోరు మాత్రం అదుపులో పెట్టుకోవడం చేతకాలేదు. అదొక లోపమని ఆమెకు ఎన్నడూ తోచనూ లేదు. తను మాట్లాడేది దేవుడితో కదా మరి!

ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆ నోరే కొంప ముంచింది.

మూడు రోజుల క్రితం సంధ్య తల్లి చెయ్యి పట్టుకుని, రొమ్ములో గడ్డ ఉందనీ, ముక్క తీసి పరీక్షకు పంపారనీ చెప్పింది. "మీ అల్లునికి, నీకు తప్ప ఎవ్వలకు తెల్వదమ్మా. ఎవ్వలకు చెప్పకు. అందరు అయ్యో పాపమని చూస్తుంటె నేను తట్టుకోలేను" అంది.

చెప్పనని రాహేలమ్మ బైబిలు మీద చెయ్యి వేసింది. మాట మీద నిలబడింది కూడా. ప్రార్థన అంశాలు ఒక్కొక్కరూ చెబుతుంటే పెదవి విప్పకుండా కూర్చుంది. అయితే ముగింపు ప్రార్థన ఎప్పుడూ ఆమెదే. కళ్లు మూసుకుని, అందరి రోగాలూ అందరి పిల్లల ఉద్యోగాలూ ప్రభువు ముందు పెట్టుకుంటూ పోయింది. పోతూ పోతూ, "నా బిడ్డ సంధ్య రొమ్ముల గడ్డ కరిగించు తండ్రీ" అనేసింది. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి ముప్ఫై మంది కొంగులతో కళ్లు ఒత్తుకుంటున్నారు.

"గింత బాధ కడుపుల వెట్టుకున్నవా అక్కా!" అంటూ బుచ్చవ్వ వాటేసుకుంది. "నాలుగింటికి అందరం సంధ్య ఇంటికి పోదాం. నెత్తి మీద చేతులు వెట్టి ప్రార్థన చేద్దాం."

వద్దని ఏ మొహంతో అంటుంది రాహేలమ్మ? ఇలా ఎన్ని ఇళ్లకు తనే ముందు నడిచి అందరినీ తీసుకుపోయిందో.

వాళ్లకంటే ముందే చేరాలని మూడున్నరకు ఆటో ఎక్కింది. మనుషులు నిండనిదే కదలనన్నాడు డ్రైవర్. దిగింది. మళ్లీ ఎక్కింది. ఫోన్ తీసి, సంధ్య పేరు చూసి, లోపల పెట్టేసింది. ఇక కూర్చోలేక దిగి నడక మొదలుపెట్టింది. ఎండలో చెమటలు కారుతున్నా ఆగలేదు.

నడుస్తుంటే రుచిత గుర్తొచ్చింది. సమాజంలోని కొండవ్వ కోడలు. నిరుడు మూడోసారి కడుపు పోయి వార్డులో పడుకుని ఉంటే, వార్డంతా వినేలా తను ఆ పిల్ల పేరుతో సహా గట్టిగా ప్రార్థన చేసింది. ఆ పిల్ల గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆదరణ దొరికి ఏడుస్తోందనుకుని మురిసిపోయింది రాహేలమ్మ. ఆ తరువాత రుచిత చర్చికి రావడమే మానేసింది. ఎందుకో ఇప్పుడు తెలిసి, నడిరోడ్డు మీద తన మీద తనకే అసహ్యం వేసింది.

తలుపు తీసిన కూతురికి, చెప్పులు విడవకుండానే జరిగింది చెప్పేసింది. సంధ్య కోప్పడలేదు. "ఉండలేకపోతివా అమ్మా" అని మాత్రం అని లోపలి గదిలోకి పోయింది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

అంతలోనే రెండు ఆటోలు వచ్చి ఆగాయి. రాహేలమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది.

"వాపస్ పోండ్రి. నా బిడ్డ నన్ను నమ్మి చెప్పుకున్నది. నేను తీస్కపోయి మీ అందరి ముంగట పెట్టిన. తప్పు నాది."

"ప్రార్థనకొచ్చినోళ్లను గేటు కాడ్నించే తోలుతవా?" బుచ్చవ్వ మొహం ఎర్రబడింది. "నువ్వేం ప్రెసిడెంటువక్కా?"

"రేపటిసంది నువ్వే ఉండు. ఇయ్యాల మాత్రం పో."

గొణుక్కుంటూ వెళ్లిపోయారు. రాహేలమ్మ గేటు వేసి వచ్చి మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి సంధ్య వచ్చి పక్కన కూర్చుంది.

"రిపోర్టు నిన్ననే వచ్చిందమ్మా."

ఏమొచ్చిందని అడగబోయి రాహేలమ్మ నాలుక కరుచుకుంది. "చెప్పబుద్ధయితెనే చెప్పు బిడ్డా."

"మంచిగ రాలేదు. ఆపరేషన్ చెయ్యాల్నట. సోమవారం జాయిన్ గమ్మన్నరు. నువ్వు నా తోటి రావాలె."

రాహేలమ్మ కూతురి తలను ఒడిలోకి లాక్కుంది. ఏడుపు ఆపుకుంటూ, "నిన్ననే ఎందుకు చెప్పలె బిడ్డా?" అంది.

"ఇయ్యాల శుక్రవారం ప్రార్థన కదమ్మా" అంది సంధ్య.