గడ్డి తీసిన చేను

కొత్తచెరువుకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ పల్లెలో ఒక మనిషి పనిమంతుడా సోమరా అని తేల్చడానికి అతని ఇంట్లోకి తొంగి చూడనక్కరలేదు. ఏరువాకకు ముందు అతని చేను చూస్తే చాలు. ఒక పుల్ల గానీ, ఒక మోడు గానీ, గుప్పెడు చెత్త గానీ లేకుండా చేను ఊడ్చిన వాకిలిలా ఉంటే అతడు పనిమంతుడు. ఎక్కడైనా నిరుటి మొదళ్లు కనిపించాయా, ఈశ్వరప్ప టీ అంగడి ముందు పొద్దున్నే చేరే పెద్దమనుషులకు ఆ పూటకు సరిపడా మాటలు దొరికేవి. అందుకే జ్యేష్ఠం వచ్చేసరికి ఆ పల్లె చుట్టూ చేలల్లో పొగలు లేచేవి. మొదళ్లన్నీ పీకి, కుప్పలు వేసి, కాల్చి, రెండు సాళ్లు దున్నితే గానీ ఎవరికీ మనసు కుదుటపడేది కాదు.

ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. శుభ్రత మంచిదే కదా. కానీ ఇల్లు ఊడిస్తే దుమ్ము బయటికి పోతుంది, చేను ఊడిస్తే చేనే బయటికి పోతుంది. అనంతపురం జిల్లాలో వాన రావడానికి మొహమాటపడుతుంది గానీ ఆషాఢపు గాలికి ఏ మొహమాటమూ లేదు. పడమట లేచి పగలంతా వీస్తుంది. ఆ రోజుల్లో పల్లె ఆడవాళ్లు అన్నం కుండ మీద మూత తీయడానికి భయపడతారు. కుండలో పడే ఆ ఎర్రదుమ్ము ఎవరి చేనిదో అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఇది రెండువేల ఒకటో సంవత్సరం నాటి మాట. రామప్పకు ఊరికి పడమట గుట్ట వాలులో రెండెకరాలు ఉండేవి. అందులో దిగువ ఎకరంలో అతని తండ్రి నాడు వేరుశనగ బాగానే పండేది. రానురాను పై మన్ను పోయి కింది గరుసు రాళ్లు తేలాయి. ఆ నేల తనకు అచ్చిరాలేదని ముసలాయన బాధపడుతూనే పోయాడు. ఇక మిగిలింది ఎగువ ఎకరం. అక్కడ కూడా జానెడు లోతున గరుసే. ఆ జానెడు మన్నూ పోతే ఆ ఇంటికి చేను అనే మాట ఉండదు.

ఆరేళ్ల కిందట బోరులో నీళ్లు పడినప్పుడు రామప్ప ఆ ఎకరంలో ఏనుగు గడ్డి నాటాడు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకోవచ్చునని పశువుల డాక్టరు చెప్పాడు. చెప్పినట్టే మూడు ఆవులను ఆ గడ్డే సాకింది. నాటింది రామప్పే గానీ, కోసింది మాత్రం అతని భార్య తిరుపాలమ్మ. పొద్దు పొడవక ముందే కొడవలి పట్టుకుని పోయి మోపు కట్టుకుని వచ్చేది. ఆరేళ్లలో ఆమె చేతికి తెలియని దుబ్బు ఆ చేనిలో లేదు. అయినా ఆ చేను సంగతి మాట్లాడాల్సి వస్తే ఆమెను అడగాలని ఇంట్లో గానీ ఊళ్లో గానీ ఎవరికీ తోచలేదు. ఆ మాటకొస్తే ఆమెకూ తోచలేదు.

ఆ ఏడు బోరు అడుగంటింది. మోటరు వేస్తే కాసేపు బురదనీళ్లు దగ్గి ఊరుకునేది. గడ్డి ఎండి పుల్లలయింది. రెండు ఆవులు పోగా ఒక్కటి మిగిలింది. ఇక గడ్డి తీసేసి వానను నమ్ముకుని వేరుశనగ వేయడమే మేలని రామప్ప అనుకున్నాడు. ఆ ఆలోచన సరైనదే. తీసే పద్ధతిలోనే వచ్చింది చిక్కు. అతడు శ్రీరంగప్ప ట్రాక్టరు మాట్లాడాడు. లోతుగా దున్ని, దుబ్బులు ఏరి కాల్చి, చేనిని నున్నగా చేయిస్తానని ఇంట్లో అన్నాడు.

తిరుపాలమ్మ ఆ పూట అన్నం వడ్డిస్తూ తనకు తెలిసింది చెప్పింది. గడ్డి వేయక ముందు ఆ చేనిలో నడిస్తే కాళ్లకు రాళ్లు గుచ్చుకునేవి. ఇప్పుడు దుబ్బుల కింద మన్ను నల్లబడింది, పిడికిట పట్టుకుంటే ముద్ద అవుతోంది. దున్నకుండానే గడ్డిని చంపవచ్చు. మోపులు కట్టేముందు తాను గడ్డి కుప్ప వేసే చోట కింది దుబ్బులు చచ్చి మళ్లీ లేవలేదు, అక్కడ మన్ను మాత్రం ఎండాకాలంలో కూడా చల్లగా ఉంది. కాబట్టి గడ్డిని నేలబారుగా కోసి, ఆవు తినకుండా వదిలేసిన గట్టి కాడలు దాని మీదే మందంగా పరిచి, వాన పడగానే సందుల్లో అలసందలు గుచ్చుదామంది. వేరుశనగ వచ్చే ఏటికి చూసుకుందామంది.

రామప్ప ముద్ద మింగి, చేనిలో చెత్త పరుస్తే ఊరు నవ్వుతుందని ఒక్క మాట అన్నాడు. అక్కడితో ఆ మాట ముగిసింది.

ట్రాక్టరు వచ్చి పడమటి సగం దున్నింది. ఏరువాక పని అందరికీ ఒకేసారి వస్తుంది కాబట్టి, మిగతా సగం తర్వాత చూస్తానని శ్రీరంగప్ప ఇంకొకరి చేనికి పోయాడు. అతడు మళ్లీ వచ్చేలోపు గాలి లేచింది. మూడు రోజులు ఆగకుండా వీచింది.

నాలుగో రోజు పొద్దున తిరుపాలమ్మ మోపు లేకుండా ఇంటికి వచ్చింది. ఒకసారి చేనికి రమ్మని మొగుణ్ని పిలిచింది. ఆమె అలా పిలవడం కొత్త కాబట్టి రామప్ప వెంట నడిచాడు. దున్నని సగంలో ఎండిన గడ్డి మొదళ్ల చుట్టూ మెత్తటి ఎర్రమన్ను గుండ్రంగా పేరుకుని ఉంది. ఆమె దోసిట్లోకి తీసి అతని చేతిలో పోసింది.

"ఇదెవరి మన్నో చెప్పు."

రామప్ప వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మనదే."

"మనదే. నువ్వు దున్నించిన సగంలోది. పోతాపోతా ఈ మొదళ్లు అడ్డమొచ్చి ఈడ నిలిచింది. రేపు ఈటిని గూడా పీకిస్తే ఇంక యాడ నిలుస్తాది?"

రామప్ప పడమటి సగం వైపు చూశాడు. చాళ్ల మీద అక్కడక్కడా తెల్లటి గరుసు రాళ్లు బయటపడి ఉన్నాయి. దిగువ ఎకరంలో ఆ రాళ్లు మొదట తేలినప్పుడు అతనికి పదేళ్లు. ఆ చేనిని కూడా తండ్రి ఏటేటా ఊరంతా మెచ్చుకునేలా ఊడ్చాడు. నేల అచ్చిరాకపోవడం కాదు, తామే దాన్ని సాగనంపారని అతనికి అప్పుడు అర్థమైంది. దోసిట్లోని మన్నును పారబోయడానికి చేతులు రాక, వంగి మళ్లీ మొదలు పక్కనే పోశాడు.

ఆ మధ్యాహ్నమే పోయి శ్రీరంగప్పను ఇక రావద్దని చెప్పాడు. దున్నని సగంలో తిరుపాలమ్మ తాను అన్నట్టే గడ్డిని నేలబారుగా కోసి మందంగా పరిచింది.

టీ అంగడి ముందు పండగే అయింది. రామప్ప చేనికి చలి జ్వరం వచ్చిందట, దుప్పటి కప్పినాడట అన్నాడు ఒకడు. ఆరేళ్లు ఆవులకు మేపి ఇప్పుడు నేలకు మేపుతున్నాడని ఇంకొకడు అన్నాడు. రామప్ప నాలుగు రోజులు అటువైపు పోకుండా ఇంట్లోనే టీ తాగాడు.

తర్వాత ఒక మంచి వాన పడింది. అప్పుడు బయటపడింది అసలు తమాషా. దున్నిన సగంలో ట్రాక్టరు ముక్కలు చేసిన ప్రతి గడ్డి కణుపూ చిగురించింది. ఒక్క దుబ్బు ఉన్న చోట పది లేచాయి. రామప్ప గట్టు మీద నిలబడి చూసి, చూసి, చివరికి నవ్వేశాడు. "గడ్డి తీస్తానని పోయి ట్రాక్టరు పెట్టి నాటినాను గదే" అన్నాడు. ఆ సగం నుంచి పారిన నీరు ఎర్రగా చిక్కగా పోయింది. పరిచిన సగం నుంచి వచ్చిన నీరు కొంచెమే, అదీ తేటగా వచ్చింది. ఆ సగంలో కూడా కొన్ని మొండి దుబ్బులు తల ఎత్తాయి. తిరుపాలమ్మ వాటిని కోసి ఆవుకు వేసి, మళ్లీ కప్పింది. ఇప్పుడు కప్పే పనిలో రామప్ప కూడా చేయి వేశాడు. దున్నిన సగాన్నీ అలాగే కోసి కప్పి, సందుల్లో అలసందలు గుచ్చారు. చూస్తుండగానే రెండు సగాలూ ఒకే దుప్పటి కిందికి వచ్చాయి.

ఆ ఏడు అలసందలు ఇంటికి సరిపోగా వీధిలో నాలుగిళ్లకు పంచేటన్ని కాశాయి. తీగలు ఆవు తింది. మరుసటి ఏడాదికి దుబ్బులు చచ్చి, వేళ్లు కుళ్లి, నేలలో సన్నటి గుల్లలు ఏర్పడ్డాయి. ఆ గుల్లల్లోకి వాన నీరు దిగింది. రామప్ప ఎద్దుల గొర్రు కట్టించి పైపైన వేరుశనగ విత్తాడు. వాన మధ్యలో ముఖం చాటేసినప్పుడు అందరి చేలూ వాడాయి. అతనిదీ వాడింది, కాకపోతే వారం ఆలస్యంగా వాడి, పదును తగలగానే తేరుకుంది. ఈ నేల మీద ఆ వారమే పంట. గొప్పగా పండిందని నేను చెప్పను. తిండికీ విత్తనానికీ పండింది, వాళ్లిద్దరూ తృప్తిగా ఉన్నారు.

ఆ కోతల తర్వాత బడి వరండాలో వాననీటినీ మన్నునూ కాపాడే వాటర్‌షెడ్ పథకం మీటింగు పెట్టారు. దానికి వచ్చిన ఆఫీసరు సారు చేలన్నీ తిరిగి చూసి, ఆ గుట్ట వాలు చేను ఎవరిదని అడిగాడు. ఒకప్పుడు నవ్విన వాళ్లే రామప్పను ముందుకు తోశారు. అంతమంది ఎదుట పొగడ్త దొరికే చోట నోరు కట్టుకోవడం మగవాడికి తేలిక కాదు. రామప్ప కండువా సర్దుకుని లేచాడు.

"చేను నాది సార్. తెలివి నాది గాదు. ఆరేండ్లు ఆడ గడ్డి కోసిన మనిషిని నేను ఒక్క దినం గూడా అడగలేదు. అడిగింటే దున్నించిన సగంలో మన్ను గూడా మిగిలుండేది. మా ఇంటామె అదో, గోడ పక్క కూర్చోనుండాది. ఆమెనే అడగండి" అన్నాడు.

వరండా అంతా వెనక్కి తిరిగి చూసింది. తిరుపాలమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడడానికే కొంతసేపు పట్టింది. గడ్డి ఎలా చంపావని సారు అడిగితే, తాను చేసింది చేసినట్టు నెమ్మదిగా చెప్పింది. ఈశ్వరప్ప మధ్యలో అందుకుని, అదంతా బాగుంది గానీ చేనిలో చెత్త అట్లా పడి ఉంటే చూసేవాళ్లకు ఏం మర్యాదమ్మా అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

తిరుపాలమ్మ అతని వైపు తిరిగింది.

"చేను చూసేవాళ్ల కోసం గాదన్నా. పైరు మనం పెట్టింది, చాలనుకుంటే తీసేయొచ్చు. మన్ను మనం పెట్టింది గాదు, మన పిల్లోల్లది గూడా. దాన్ని గాలికిచ్చే హక్కు మనకు లేదు."