పంతొమ్మిదో రోజు మోపిన కాలు

పార్వతమ్మ కుడి మోకాలు మూడేళ్ళుగా లోపలి పక్కనే నొస్తోంది. బయటి పక్క ఏ బాధా లేదు. ఒక్క మోకాలికి ఒక పక్క నొప్పి, ఒక పక్క సుఖం ఏమిటని ఆమెకు అనుమానం వచ్చింది గానీ, మోకాలిని అడిగి తెలుసుకునే దారి లేక ఊరుకుంది. చివరికి కోడలు ప్రసన్నే విసిగిపోయి నరసరావుపేట తీసుకెళ్ళింది.

డాక్టరు పేరు కృష్ణచైతన్య. ముప్పై అయిదేళ్ళు దాటి ఉండవు. మోకాలు చూడమంటే తుంటి దగ్గర్నుంచి చీలమండ దాకా నిలబెట్టి ఎక్స్‌రే తీయించాడు.

"నొప్పి మోకాల్లో గదయ్యా," అంది పార్వతమ్మ.

"నొప్పి మోకాల్లోనే. తప్పు మోకాలిది కాదు."

ఫిల్మును వెలుగుకు పెట్టి, తుంటి గుండు నడిమి నుంచి చీలమండ నడిమి దాకా స్కేలుతో గీత గీశాడు. "ఈ గీత మోకాలి మధ్యలోంచి పోవాలమ్మా. మీకు లోపలి అంచు కూడా దాటి పోతోంది. తొడ ఎముక బయటికి విల్లులా వంగి ఉంది. అందుకని ఒంటి బరువంతా మోకాలి లోపలి సగం మీదే పడుతోంది. అక్కడ మెత్తటి పొర అరిగిపోయింది. బయటి సగం చూడండి, కొత్తదానిలా ఉంది."

పార్వతమ్మ చూసింది. నిజమే, కొత్తదానిలాగే ఉంది.

"లారీలో మిర్చి బస్తాలన్నీ ఒక పక్కకే పేర్చారనుకోండి. ఏమవుతుంది?"

"ఆ పక్క టైర్లు అరుగుతాయి."

"కొత్త టైరు వేస్తే?"

"అదీ అరుగుద్ది."

"అంతే! ముందు లోడు సర్దాలి. అంటే తొడ ఎముకను కోసి నిటారుగా చేయాలి. మోకాలి సంగతి ఆ తర్వాత." ఇంత తొందరగా అర్థం చేసుకున్న మనిషి ఆ రోజుకు ఈమే కాబోలు, డాక్టరు సంతోషపడ్డాడు. ఆ సంతోషంలోనే ఇంకో మాట అన్నాడు. "ఎప్పుడో విరిగింది ఇది. ఎవరు కట్టారో గానీ వంకరగా కట్టారు."

"మా ఊళ్ళో మహమూద్ తాత అని ఉండేవాడంట సార్," అంది ప్రసన్న.

పార్వతమ్మ ఏమీ మాట్లాడలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మాట్లాడని మనిషికి ఇంకో నిమిషం ఊరుకోవడం కష్టం కాలేదు.

అప్పట్లో ఆమె పత్తికట్టె బండి మీద నుంచి పడి తొడ విరగ్గొట్టుకుంది. మహమూద్ వచ్చాడు. ఎముకను లాగి కూర్చి, మినప్పిండీ గుడ్డు తెల్లసొనా పట్టించిన గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు పేర్చి కట్టాడు. "నలభై అయిదు రోజులు, చెల్లెమ్మా. ఈలోపు కాలు నేలకు మోపావంటే ఆ పైవాడు కట్టినా నిలవదు," అన్నాడు.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం మబ్బేసింది. ఇంటి పక్కనే కళ్ళంలో మిరపకాయలు ఎండుతున్నాయి. అత్త పలకరింపుకని మాచర్ల పోయింది. భర్త గుంటూరు మిర్చి యార్డులో ఉన్నాడు. పార్వతమ్మ లేచింది. గోడ పట్టుకుని కళ్ళంలోకి పోయి, పట్టా లాగి కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, వచ్చి పడుకుంది. కాయ తడవలేదు. పట్టా ఎవరు కప్పారని అత్త అడిగితే, ఎవరో దారినపోయేవాళ్ళంది. దారినపోయేవాళ్ళలో కూడా మంచివాళ్ళుంటారని అత్త చానాకాలం చెప్పుకుంది.

కట్టు విప్పితే కాలు వంకర. 'పార్వతి కాలు చూశావా' అనే మాట పొరుగూళ్ళ దాకా పోయింది. ఆ ఏడాది నుంచి తొడలు విరిగినవాళ్ళంతా ఆస్పత్రికే పోయారు. మహమూద్ చేతులూ వేళ్ళూ మాత్రం కట్టేవాడు. తొడ అంటే, నా వల్ల కాదనేవాడు. ఆయన పోయి పన్నెండేళ్ళు.

ఆయన భార్య హజ్రా బీది ఎదురిల్లు. మహమూద్ అన్న కాబట్టి ఈమె వదిన. రోజూ పొద్దున్నే ఇద్దరూ పార్వతమ్మ వసారాలో టీ తాగుతారు. పార్వతమ్మ అత్తనూ, భర్తనూ, ఇద్దరు అక్కలనూ, ఒక తమ్ముణ్ణీ సాగనంపింది. మిగిలింది హజ్రా బీ. డాక్టరు మహమూద్‌ను తప్పుపట్టిన మాట ప్రసన్న నోరు జారితే ఈ మనిషీ పోతుంది. తను నిజం చెప్పినా పోతుంది. ఎవరి నోటితో పోగొట్టుకోవాలన్నదొక్కటే ఇక తేలాల్సింది.

మర్నాడు టీకి వచ్చిన హజ్రా బీ, మంచం మీద ఉన్న కవరు చూసింది.

"అంత పొడుగు కవరేంది పార్వతీ? పంచె తెచ్చావా ఎవరికైనా?"

పార్వతమ్మ జవాబిచ్చేలోపే ఫిల్ము బయటికి తీసి ఎండకు పట్టింది. ఎముకలు కట్టేవాడితో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. "తొడ ఎముక. గట్టిగా అతికింది. వంగింది," అంది. తర్వాత చెయ్యి దించకుండానే అడిగింది. "నీదేనా?"

"నాదే."

"డాక్టరు ఏమన్నాడు?"

"కట్టినవాళ్ళు వంకరగా కట్టారన్నాడు."

హజ్రా బీ ఫిల్మును నలగకుండా కవర్లో పెట్టింది. "ఆయనా అదే అనుకుంటా పోయాడులే."

"కట్టు మంచిదే వదినా," అంది పార్వతమ్మ. "నేనే లేచా. పంతొమ్మిదో రోజు."

హజ్రా బీ కాసేపు ఆమె కాలి వంక చూసింది. "ఎందుకు లేచావ్?"

"వాన. కళ్ళంలో కాయ."

"తడిసిందా?"

"లేదు."

"మంచిది." టీ గ్లాసు కింద పెట్టింది. సగం అలాగే ఉంది. "ఏడాది పాటు ఆయన రోజూ రెండు చేతులూ కళ్ళ ముందు పెట్టుకు చూసుకునేవాడు. చూపు తగ్గిందేమోనని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయా. కళ్ళు బాగున్నాయన్నాడు."

"వదినా..."

"నాకు చెబితే ఏం లాభం? నేనేమన్నా ఆయన్ని అన్నానా? అన్నవాళ్ళకు చెప్పు."

వెళ్ళిపోయింది. మర్నాడు టీకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పార్వతమ్మ అలవాటు కొద్దీ రెండు గ్లాసులు పెట్టి, రెండూ తనే తాగింది. నిద్ర మాత్రం పట్టలేదు.

అన్నవాళ్ళు ఎవరెవరా అని లెక్కపెడితే పదకొండు మంది తేలారు. తొమ్మిది మంది పోయారు. ఒకామె పిడుగురాళ్ళలో కూతురింట్లో ఉంది గానీ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. మిగిలింది బ్రహ్మానందం. ఎనభై దాటాయి, చెవుడు. రోజూ పొద్దున్నే పాలకేంద్రం ముందు కుర్చీ వేసుక్కూర్చుంటాడు.

మూడో రోజు పార్వతమ్మ పాలకేంద్రానికి నడిచింది. వేసిన ప్రతి అడుగూ లోపలి సగం మీదే పడింది.

"అన్నా! నా కాలు మహమూద్ వంకరగా కట్టలేదు! పంతొమ్మిదో రోజు నేనే లేచి నడిచా!" అని అరిచింది.

పాలక్యాన్ల వరస మొత్తం ఇటు తిరిగింది. "ఏ మహమూద్?" అంది ఒక చిన్నకోడలు. ఎవరూ చెప్పలేదు.

"ఎందుకు లేచావ్?" అన్నాడు బ్రహ్మానందం.

"పట్టా కప్పడానికి!"

"దారినపోయేవాళ్ళు గదా కప్పింది? మీ అత్త చెప్పింది."

"అబద్ధం!"

బ్రహ్మానందం ఆలోచించాడు. అతను ఆలోచించినంతసేపూ పాలు పోయడం ఆగిపోయింది. "మా అమ్మ తొడ విరిగితే నీ కాలు చూసే గుంటూరు తీసుకుపోయాం. మహమూద్ పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వద్దు పొమ్మన్నా." తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మిగతావాళ్ళకు చెప్పావా?"

"మిగతావాళ్ళు లేరు. నువ్వే!"

"నన్నిప్పుడేం చేయమంటావ్?"

"ఏం చేయొద్దు! విను!"

"విన్నా," అన్నాడు బ్రహ్మానందం. "ఊరంతా విన్నది."

వరసలో ఆఖర్న హజ్రా బీ ఉంది. క్యాను పట్టుకుని తన వంతు వచ్చేదాకా నిలబడి, పాలు పోసి, పార్వతమ్మ పక్క నుంచే ఇంటి దారి పట్టింది. పార్వతమ్మ వెనకే బయలుదేరింది. పది అడుగులు వెనకబడింది. కాసేపటికి అవి అయిదయ్యాయి. పార్వతమ్మ నడక పెరగలేదు కాబట్టి, రెండోవాళ్ళదే తగ్గి ఉండాలి.

"కాలు కోస్తారా?" వెనక్కి తిరగకుండానే అడిగింది హజ్రా బీ.

"కోసి నిటారుగా పెట్టి ప్లేటు బిగిస్తారంట."

"ఎప్పుడు?"

"వచ్చే గురువారం."

"గురువారం నాకు కుదరదు. దర్గాకు పోవాలి."

ఇద్దరూ ఇంకో నాలుగిళ్ళు దాటారు.

"శుక్రవారం వస్తా," అంది హజ్రా బీ.