మూలన నిలబడ్డ మరదలు

పొడుగ్గా ఉంటుందని జట్టులో అందరూ ఆమెని నిచ్చెన అనేవాళ్ళు. పగలు కళ్ళజోళ్ళ షాపులో పని, సాయంత్రం బాస్కెట్‌బాల్. ఆట అంటే ఆమెకి తెలిసింది ఒక్కటే. బుట్ట కింద చోటు పట్టి చెయ్యెత్తడం, బంతి అందగానే వేసెయ్యడం.

ఈ ఏడు కోచ్‌గా వచ్చింది సొంత బావే. వస్తూనే పద్ధతంతా మార్చేశాడు.

"ఐదుగురూ మూడు పాయింట్ల గీత బయటే. మధ్యలో ఖాళీగా ఉండాలి," అని మరదల్ని తీసుకెళ్ళి కోర్టు మూలన నిలబెట్టాడు.

"నన్ను మూలన పడేస్తావా బావా?"

"నువ్వు లోపలుంటే నీకోసం ముగ్గురు మూగుతున్నారు. ఇంక మనవాళ్ళకి దారెక్కడిది?"

ఇంట్లో అక్కకి చెప్పుకుంటే అక్కా మొగుడి పక్షమే. "పొయ్యి చుట్టూ ఐదుగురు మూగితే వంటయ్యేదెప్పుడే?"

"ఆ పొయ్యి నాదే కదక్కా!"

సెమీఫైనల్ మొదలైంది. మూలన నిలబడ్డదన్న మాటేగానీ, కాలుగాలిన పిల్లిలా గీత మీదకొకసారి, వెనక్కొకసారి. జట్టులోనే ఉన్న పళ్ళ డాక్టరు బంతి కొట్టుకుంటూ బుట్టవైపు దూసుకెళ్ళింది. నిచ్చెన ఆగలేక తనూ లోపలికి ఉరికింది. ఆమెని కాపు కాసే అవతలి జట్టు పిల్లా వెంటే వచ్చింది. దారి మూసుకుపోయి, బంతి అవతలివాళ్ళ చేతిలో పడింది.

"ఏంటీ తొందర?" అంది డాక్టరు కోపంగా.

బావ నిచ్చెనని బయటికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాడు. కూర్చుందన్నమాటేగానీ మోకాళ్ళు ఊగుతూనే ఉన్నాయి. ఆమె చోట వేరే అమ్మాయి మూలన కదలకుండా నిలబడింది. డాక్టరు లోపలికి దూసుకెళ్ళింది, అడ్డుకోవడానికి గీత దగ్గరున్న అవతలివాళ్ళు పరుగెత్తారు, వెంటనే బంతి బయటికొచ్చింది. మూలనున్న ఆ అమ్మాయి ఒంటరిగా, తాపీగా గురి చూసి వేసింది. పడింది. నిచ్చెన మోకాళ్ళు ఆగిపోయాయి.

"బావా, నన్ను పంపు. నిలబడతాను."

మూలకెళ్ళింది. కానీ ఈమె అంత దూరం నుంచి ఏం వేస్తుందిలే అని కాపు కాసే పిల్ల ఆమెని వదిలేసి మధ్యలోకి పోయింది. దారి మళ్ళీ మూత. బంతి మూలకొచ్చింది. వేసింది, తప్పింది. మళ్ళీ వచ్చింది, ఈసారి బుట్ట అంచుకైనా తగల్లేదు. జనం నవ్వారు. ఆమె చెవులు వేడెక్కాయి.

"వెయ్యి! తప్పినా వెయ్యి!" అని అరిచాడు బావ.

బంతి మళ్ళీ రాగానే వేసింది, ఈసారి పడింది. కాపు కాసే పిల్ల పరుగున వచ్చి ఆమెకి అతుక్కుపోయింది, ఇక కదల్లేదు. మధ్యలో దారి తెరుచుకుంది. ఆట ముగిసేదాకా డాక్టరుదే రాజ్యం. మూలకి బంతి మళ్ళీ రాలేదు.

గెలిచారు. అందరూ వచ్చి కావలించుకుంటుంటే నిచ్చెన మాత్రం ఏదో వెలితిగా నవ్వింది.

"నీవల్లే గెలిచాం మరదలా," అన్నాడు బావ.

"తెలుసు. కానీ బుట్ట కింద ఆడక చేతులు దురదపెడుతున్నాయి బావా. ఫైనల్లో కాసేపైనా లోపలికి రానివ్వు."

"చూద్దాం."

"చూద్దాం కాదు," అంటూ బంతి అందుకుని ఖాళీ కోర్టులోకి, నేరుగా బుట్ట కిందికి పరుగెత్తింది.