జైపూర్‌లో ఒక్కరోజు నడిచిన కాలు

నేను ఒక కాలిని. కుడికాలిని, అదీ మోకాలి కింది భాగం మాత్రమే. నా ఒళ్ళు పొలాలకు నీళ్ళు పారించే గొట్టాల్లాంటి ప్లాస్టిక్ గొట్టం, పాదం రబ్బరు. అదే గొట్టంలోంచి తెగినవాళ్ళు ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు గానీ మా మధ్య బంధుప్రీతి లేదు. ఏ ప్రీతీ లేదు. గుచ్చినా కాల్చినా తెలియకపోవడమే మా అర్హత.

పుట్టింది జైపూర్‌లో, కాళ్ళు పోయినవాళ్ళకు ఉచితంగా కాళ్ళు చేసిచ్చే ఒక షెడ్డులో. మొండికాలికి పిండికట్టు కట్టి అచ్చు తీస్తారు. గొట్టాన్ని పొయ్యిలో మెత్తబడేదాకా కాల్చి ఆ అచ్చు మీద తొడుగుతారు. నన్ను చేసిన గిరిధారికి యాభై దాటాయి. ఊరందరి కాళ్ళూ చూస్తాడు గానీ, తన చెప్పు తెగితే మాత్రం పిన్నీసు పెట్టుకుని తిరుగుతాడు.

నేను ఎవరికోసం పుట్టానో అతని పేరు సైదులు. సూర్యాపేట దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ళు లారీ తోలాడు. షుగరు ముదిరి కాలికి పుండు పడి, అది మానక, మోకాలి కింద తీసేశారు. ఇంకోసారి పుండు పడితే మోకాలు కూడా పోతుందని డాక్టరు అప్పుడే చెప్పాడు. ఆ తరువాత రెండేళ్ళు సైదులు గడప దాటలేదు. తిను అంటే తిన్నాడు, పడుకో అంటే పడుకున్నాడు. చివరికి భార్య ఈదమ్మ పట్టుబట్టి రైలెక్కించి తీసుకొచ్చింది.

నన్ను తొడిగి చూసే రోజు సైదులు ముందు ఇంకొకతను కూర్చున్నాడు. అతనిదీ షుగరు రోగమే. గిరిధారి అతని మొండికాలిని వేలితో నొక్కి తెలుస్తోందా అని అడిగాడు. అతను తెలియడం లేదన్నాడు. గిరిధారి కాగితం మీద ఏదో రాసి అతన్ని పక్కగదిలో డాక్టరు దగ్గరికి పంపించాడు. సైదులు అదంతా చూశాడు. స్పర్శ లేనివాళ్ళకు కాలు ఇవ్వరన్నమాట అని తనంతట తనే తీర్మానించుకున్నాడు. మనుషులు అడిగి తెలుసుకోవడం కంటే ఊహించుకుని భయపడటానికే ఎక్కువ ఇష్టపడతారు.

తన వంతు వచ్చింది. సైదులు మొండికాలికి కూడా స్పర్శ లేదు. ఆ సంగతి అతనికి తెలుసు, ఈదమ్మకు తెలియదు. గిరిధారి నన్ను తొడిగి, నిలబెట్టి, నాలుగు అడుగులు వేయించి, చుట్టూ నొక్కుతూ ఎక్కడైనా నొస్తోందా అని అడిగాడు. సైదులు రెండు మూడు చోట్ల ఆగి, ముఖం చిట్లించి, ఇక్కడ నొస్తోందన్నాడు. లారీ దారుల్లో నేర్చిన హిందీ అతనికి బాగానే వచ్చు. గిరిధారి ఆ చోట్లన్నీ వేడిచేసి వదులు చేశాడు. లేని నొప్పికి చోటిచ్చాడు. ఎముక నిజంగా ఒరుసుకుంటున్న చోటు అలాగే ఉండిపోయింది. ఊళ్ళో తిరిగి చూడమని, గంటకోసారి నన్ను విప్పి చర్మం చూసుకోమని, పొద్దున మళ్ళీ రమ్మని చెప్పి పంపాడు. హిందీ రాని ఈదమ్మకు సైదులు ఆ గంటకోసారి మాట చెప్పలేదు.

అలా మేం ఊరు చూడటానికి బయలుదేరాం. పుట్టింది అక్కడే అయినా నాకూ అది మొదటిసారే. సైదులు లారీతో రెండుసార్లు జైపూర్ మీదుగా పోయాడట, కానీ బైపాస్ మీదనే. దేశంలో సగం ఊళ్ళు అతనికి అలా చుట్టుదారులుగానే తెలుసు. సూర్యాపేట దాటి ఎటూ పోని ఈదమ్మకైతే అంతా కొత్తే.

హవామహల్ రోడ్డు మీంచి చూస్తే అయిదంతస్తుల మేడ. వెనక సందులోంచి లోపలికి పోతే అది చాలావరకు కిటికీల గోడేనని తెలుస్తుంది. పైకి పోవడానికి ఎక్కువగా మెట్లు కాక వాలుదారులున్నాయి. సైదులు గోడ పట్టుకుని, నన్ను ఈడ్చుకుంటూ ఎక్కాడు. పైన జాలీ కిటికీకి ముఖం ఆనించి ఈదమ్మ బజారును చాలాసేపు చూసింది. రాణులు బయటికి రాకుండా ఇక్కడినుంచే ఊరు చూసేవారని ఎవరో చెబితే, రెండేళ్ళు కిటికీ కూడా తెరవనివ్వని మనిషిని తాను చూశానని నవ్వింది. సైదులు నవ్వలేదు. బాగుందా అని అడిగితే బాగుందన్నాడు. దేన్ని చూపించినా అదే మాట, అదే గొంతు.

జంతర్‌మంతర్‌లో ఆకాశానికి పోయే మెట్లలాంటి గోడ ఒకటుంది. దాని నీడను చూసి టైం చెబుతారు. నీడ జరగడం కంటికే కనబడుతుందంటే ఈదమ్మ ఎండలో నిలబడి చూసింది. అప్పటికి నా లోపల వెచ్చగా ఉంది, కాసేపటికి తడి తగిలింది. చెమట అనుకున్నాను. మొండికాలికి తొడిగిన మేజోడు ఒక పక్కనే అంటుకుపోవడం చూసి కాదని తెలిసింది. నాకు నోరు లేదు, అతనికి నొప్పి లేదు. ఇక చెప్పేవాళ్ళెవరు?

మధ్యాహ్నం లక్క గాజుల సందుకు వెళ్ళాం. ఇద్దరు పక్కపక్కన నడవడానికి వీల్లేనంత ఇరుకు. కొట్టు అరుగు మీద ఒక ముసలామె లక్కను బొగ్గుల మీద మెత్తబరిచి, ఈదమ్మ చేతిని చూసి ఆ కొలతకు గాజు తిప్పుతోంది. సైదులు ఎదుటి అరుగు మీద కూర్చుని ప్యాంటు కొంచెం పైకి లాగాడు. మేజోడు పైఅంచు దాకా ఎర్రగా ఉంది. చూశాడు. తరువాత ప్యాంటు కిందికి దింపుకున్నాడు.

నాకు కోపం వచ్చింది. ప్లాస్టిక్ గొట్టానికి రాగలిగినంత కోపం వచ్చింది. అతను ఏ ఆటోనో పిలుస్తాడనుకున్నాను. ఈదమ్మ గాజులు చూపించి, అలిసిపోతే బసకు పోదామంది. నడుద్దాం అన్నాడు. ఎందుకన్నాడో కొంతదూరం పోయాక అర్థమైంది. ఆమె ముందు నడుస్తోంది. దీపాల కొట్టు, లేసుల కొట్టు, పతంగుల కొట్టు చూసుకుంటూ వెనక్కి తిరగకుండా నడుస్తోంది. రెండేళ్ళుగా, అతను పడతాడేమోనని చూడకుండా ఆమె నాలుగు అడుగులు వేసింది లేదు. అతను ఆమె వీపు చూస్తూ ఆ సందంతా నడిచాడు. తరువాత ఇంకో సందు నడిచాడు.

పొద్దు గుంకే వేళకు ధర్మశాలకు చేరాం. ఈదమ్మ నా పట్టీ విప్పి నన్ను లాగింది. లోపల పుండు కనబడింది. నీళ్ళు తెచ్చి కడిగింది, శుభ్రమైన గుడ్డ చుట్టింది, నన్ను గోడకు ఆనించి పెట్టింది. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

పొద్దున షెడ్డులో గిరిధారి పుండు చూసి, పక్కన ఎముకను నొక్కి అడిగాడు. సైదులు ఈసారి తెలియదన్నాడు. ఎక్కడ నొక్కినా తెలియదన్నాడు. గిరిధారి తల పట్టుకున్నాడు. స్పర్శ లేనివాళ్ళను తాము వెనక్కి పంపబోమని, డాక్టరుకు చూపించి లోపల మెత్తటి పొర వేసి వేరే రకంగా చేస్తామని, రోజూ చేసే పనేనని చెప్పాడు. ఇప్పుడు పుండు మానాలి, మూడు నెలల తరువాత రావాలి, మోకాలు నిలుస్తుందో లేదో అప్పటిదాకా తాను చెప్పలేనన్నాడు. సైదులు అదంతా ఈదమ్మకు తెలుగులో చెప్పాడు. ఒక్క మాట దాచలేదు.

ఈదమ్మ అతని వైపు తిరిగింది. “నాకేమో రెండేండ్ల సంది ఏం నొస్తలేదంటివి. ఆయనకేమో నొస్తుందంటివి. నిజం ఎవరికి చెప్తవయ్యా నువ్వు?”

“కాలు ఇయ్యరేమో అనుకున్న,” అన్నాడు సైదులు.

గిరిధారి నా పాదం మర విప్పి మంచిపాదాల వరసలో పెట్టాడు, అది ఇంకెవరికో పనికొస్తుంది. మిగిలిన నన్ను మూలనున్న తుక్కు కుప్పలోకి వేశాడు. అక్కడ నాలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు. కుప్ప పైన పడ్డాను కాబట్టి సైదులు కూర్చున్న బెంచీ నాకు బాగానే కనబడుతోంది.

ఈదమ్మ సంచి సర్దుకుని చంకకర్రలు అందించింది. సైదులు వాటిని అందుకోలేదు. ఎడమకాలి చెప్పు విడిచి, ఆ పాదాన్ని కొంచెం ముందుకు జరిపాడు.

“ఈదమ్మా,” అన్నాడు. “ఇది గూడ తెలుస్తలేదు.”

ఆమె సంచి కింద పెట్టి నేల మీద కూర్చుంది. ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, తిప్పి, అరికాలు వెలుతురుకు పెట్టి చూసింది. తరువాత బొటనవేలు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క వేలూ నొక్కుతూ అడిగింది. అడిగిన ప్రతిసారీ అతను నిజమే చెప్పాడు.