దొనాతో ఊరి మాట

మార్చిలో అక్క అస్సుంతీన పోయాక దొనాతోకు ఇంట్లో నోరు విప్పే అవసరం లేకుండా పోయింది.

ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌లో ఇటాలియన్లకు కొదవ లేదు. ఇటుక బట్టీల్లో పనికని ఒకప్పుడు రైళ్లకు రైళ్లు దిగారు. కానీ ఇటలీలో కొండ మీదున్న దొనాతో ఊరి నుంచి వచ్చింది మాత్రం ఈ అక్కాతమ్ముళ్లే. ఆ ఊరి మాటే వేరు. మూడో తరగతితో బడి మానేసిన దొనాతోకు రేడియోలో చదివే ఇటాలియన్ సగమే అర్థమయ్యేది. బట్టీలో నేర్చిన ఇంగ్లీషు బట్టీకే చాలింది. పోట్లాడుకున్నా, తిట్టుకున్నా అతనికి అసలు మాట అక్కతోనే. రేపటికి ‘క్రాయి’, ఎల్లుండికి ‘పెస్క్రాయి’, ఆవలెల్లుండికి ‘పెస్క్రిల్లె’. రేపు దాటితే ఇంగ్లీషువాళ్లకు మాటే లేదని అస్సుంతీన నవ్వేది.

ఆగస్టులో ఒక ఆదివారం ఇటాలియన్ల క్లబ్బులో పేక కలుపుతూ, బట్టీలో తనతో పనిచేసిన వేరే ఊరి జెరార్దో చెప్పాడు. “ఒరేయ్, స్టేషను దారిలో రొట్టెల కొట్టుంది చూడు, అందులో కొత్త పిల్ల చేరింది. మీ కొండల వైపేనట.”

మర్నాడు దొనాతో గడ్డం గీసుకుని, అక్క అంత్యక్రియలకు వేసుకున్న కోటే మళ్లీ వేసుకున్నాడు. ఊరి పిల్ల దగ్గరికి వట్టి చేతులతో ఎలా వెళ్తాడు? నిరుడు అక్క చేసిన టమాటా గుజ్జు సీసాలు రెండు మిగిలాయి. ఒకటి తుడిచి చంకన పెట్టుకున్నాడు.

“నువ్వేనేటమ్మా మా కొండల గుంటవి?” అన్నాడు కొట్లో అడుగు పెడుతూనే, తన ఊరి మాటలో. “ఎవలింటి పిల్లవే? గోదుమ కోతలైపోనాయేటి? వానలెలాగున్నాయి?” అయిదు నెలల మాటలన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి.

ఇలారియా ఆ పిల్ల పేరు. ఇరవై మూడేళ్లుంటాయి. ముందు ఇటాలియన్‌లో ఏదో అడిగింది. దొనాతో ఇంకాస్త గట్టిగా అదే చెప్పాడు. వెనక వరస పెరిగింది.

ఆ పిల్ల ఇంగ్లీషులోకి మారింది. “సారీ సార్, నాకు ఇటాలియన్, ఇంగ్లీషే వచ్చు. మీది ఏ దేశం?”

అతను సీసాను గల్లా పక్కన పెట్టేసి బయటికి నడిచాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్క చేత్తో మూత బిగించిన సీసా అది. తెల్లారగానే దాన్ని తిరిగి అడుగుదామని మళ్లీ కొట్టుకు వెళ్లాడు. అతన్ని చూసి ఇలారియా ముఖం ఎర్రబడింది.

“పైన చీటీ లేదని ఆ సీసాను మా ఓనరు పారేశారు సార్. నేను చూసుకోలేదు. లోపల ఏముంది?”

ఏం చెప్పాలో ఇంగ్లీషులో వెతుక్కున్నాడు. “టమాటా,” అన్నాడు చివరికి.

“మా అమ్మమ్మ మీలాగే మాట్లాడేదట. నేను పుట్టకముందే పోయింది. మా అమ్మ ఆ మాట నాకు నేర్పలేదు, బళ్లో నవ్వుతారని.”

ఈసారి ఆ పిల్ల ఇంగ్లీషులోనే మెల్లగా చెప్పడంతో ప్రతి ముక్కా అర్థమైంది. తలూపి, ఒక రొట్టె కొనుక్కుని వచ్చేశాడు.

ఆదివారం క్లబ్బులో జెరార్దో అడిగాడు. “ఏరా, వెళ్లావా? ఏమంది?”

“మంచి పిల్ల,” అన్నాడు దొనాతో. “గంటసేపు మాట్లాడింది. కోతలైపోయాయట. ఈ ఏడు వానలు బావున్నాయట.”

“అదృష్టవంతుడివిరా. మా ఊరివాళ్లు ఇక్కడ ఒక్కరూ మిగల్లేదు. మా ఆవిడకా నా మాట రాదు. పదకొండేళ్లయింది నేను మా ఊరి మాట విని.” జెరార్దో ముక్కలు పంచడం ఆపేశాడు. “ఈసారి వెళ్లినప్పుడు నన్నూ తీసుకెళ్లరా. మీ మాట నాకు అర్థం కాకపోయినా, ఊరికే పక్కన నిలబడి వింటాను.”

దొనాతో తల ఎత్తలేదు. “అలాగేలే,” అన్నాడు.

తర్వాత ఇద్దరూ చీకటి పడేదాకా ఆడారు. ముక్కల లెక్క తప్ప వేరే మాట రాలేదు.