ఒక్క రోజు ముందు

నేను ఒక నవారు మంచాన్ని. చీరాల దగ్గర ఒక వడ్రంగి వేపకర్రతో నన్ను చేసి ఒక మిషన్ ఆసుపత్రికి ఇచ్చాడు. అక్కడ పదిహేనేళ్ళు రోగులను మోశాను. జబ్బు నయమైనవాళ్ళు లేచి డాక్టరుకు దండం పెట్టి వెళ్ళేవారు. నయం కానివాళ్ళ చుట్టాలు మాత్రం నేరుగా దేవుణ్ణే నిలదీసేవారు. డాక్టరు చెయ్యగలిగింది ఇంతేనని ఒప్పుకున్నంత సులువుగా, దేవుడు చేసింది ఇంతేనని మనుషులు ఒప్పుకోలేరు. అందులో వాళ్ళ తప్పేమీ నాకు కనిపించలేదు.

ఆసుపత్రి మూతపడ్డాక సామాను తలా ఒకటి పట్టుకుపోయారు. నన్ను ఒక పల్లెటూరి చర్చి సంఘకాపరి ఏసుదానం అయ్యగారు ఎద్దుబండిలో వేసుకుని తీసుకెళ్ళారు. అప్పటికి నెల కిందటే ఆయన భార్య సలోమి అమ్మగారికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. వాళ్ళకు పిల్లలు లేరు.

ఒకే వైపు పడుకోబెడితే ఒంటికి పుండ్లు పడతాయని, రెండు గంటలకోసారి తిప్పాలని డాక్టరు చెప్పాడట. అయ్యగారు ఆ మాటను దేవుని వాక్యంలా పట్టుకున్నారు. పొరుగూరు ప్రార్థనకు వెళ్ళినా వేళకు సైకిలు తొక్కుకుంటూ వచ్చేసేవారు. ప్రసంగం మధ్యలో గడియారం చూసుకునేవారు. అయ్యగారికి వాక్యం మీద ధ్యాస తగ్గిందని సంఘంలో కొందరు గొణిగారు. పదకొండేళ్ళలో ఆమె ఒంటి మీద ఒక్క పుండు పడలేదు.

మొదట్లో ఆయన నా పట్టె మీద మోచేతులు ఆనించి, ఆమె లేచి నడవాలని ప్రార్థించేవారు. నాలుగైదేళ్ళకు ఆ ప్రార్థన మానేశారు. ఆ తర్వాత ఆయన అడిగింది ఒక్కటే.

"ప్రభువా, నాకంటే ఒక్క రోజు ముందు సలోమిని తీసుకో. నేను పోతే తనని ఎవరు తిప్పుతారు?"

సలోమి అమ్మగారు కళ్ళు మూసుకుని విని, సగం నోటితో ఆమెన్ అనేది.

ఆ వీధిలోనే దీనమ్మ అనే వితంతువు ఉండేది. ఆమెకు కృప ఒక్కతే కూతురు. పందొమ్మిదేళ్ళ పిల్ల ఇరవై రోజులు జ్వరంతో మంచం పట్టి చనిపోయింది. సమాధి దగ్గర అయ్యగారు, దేవుని సమయం మనకు తెలియదు, ఆయన ఏది చేసినా మన మేలుకే అన్నారు. దీనమ్మ మట్టిలోంచి తలెత్తి, "ఆ మాట ఇంకోసారి నా ముందర అనమాకండయ్యా" అంది. ఆ రోజు నుంచి గుడి గడప తొక్కలేదు.

ఇంటికొచ్చి అయ్యగారు నా పక్కన కూలబడ్డారు.

"అబద్ధం చెప్పలేదు సలోమీ. కానీ అప్పుడు చెప్పాల్సిన మాట కాదది. ఊరికే పక్కన కూచోవాల్సింది."

క్షమించమని అడగడానికి రెండుసార్లు దీనమ్మ ఇంటికి వెళ్ళారు. ఆమె తలుపు తియ్యలేదు.

ఏడేళ్ళు గడిచాయి. ఒక గురువారం మధ్యాహ్నం పొరుగూళ్ళో ప్రార్థన కూడికలో, అందరూ పాడుతుండగా అయ్యగారు గోడకు చేరగిలబడ్డారు. పాట ముగిసినా లేవలేదు. సంఘపెద్ద వచ్చి సలోమి అమ్మగారికి చెప్పలేక చెప్పాడు. ఆమె ఏడవలేదు. ఆయన్ని ఇంటికి తెచ్చి తన పక్కనే పడుకోబెట్టమని అడిగింది. పెట్టె వచ్చేదాకా, బతికున్న ఎడమచేత్తో ఆయన ముఖం, గుండె తడుముతూనే ఉంది. నా మీద ఆ ఇద్దరూ పక్కపక్కన పడుకున్నది అదే మొదటిసారి.

సమాధి చేసి వచ్చాక పెద్దలు వాకిట్లో నిలబడి, ఆమెను పట్నంలో ఏ ఆశ్రమంలో చేర్చాలా అని మాట్లాడుకోసాగారు. లోపలున్న ఆడవాళ్ళు ఆయన మంచితనం తలచుకుని ఏడుస్తున్నారు. ఆమెను తిప్పాలని ఎవరికీ తోచలేదు. అప్పుడు దీనమ్మ వచ్చింది. ఎవరినీ అడక్కుండా, ఒక చెయ్యి భుజం కిందా ఒక చెయ్యి నడుం కిందా పెట్టి పక్కకు తిప్పింది. ఇరవై రోజులు కృపను తిప్పిన ఆ చేతులకు ఆ పని ముందే తెలుసు. తర్వాత గుమ్మంలోకి వెళ్ళి, "ఎక్కడికీ పంపమాకండి. నేను చూసుకుంటా" అంది.

చాలా నెలలు వాళ్ళిద్దరి మధ్య దేవుడి ఊసే రాలేదు. జావ తాగించడం, ఒళ్ళు తుడవడం, దుప్పటి మార్చడం, అంతే. ఒక మధ్యాహ్నం తల దువ్వుతూ దీనమ్మే అడిగింది.

"అయ్యగారు అడిగింది ఒక్కటే గదమ్మా. అది కూడా దేవుడు ఎందుకు వినలేదు?"

"తెలీదే" అంది సలోమి అమ్మగారు. "ఆయనుండగా నువ్వు ఈ ఇంటికి వచ్చేదానివా?" అంది.

"అంటే, నేను రావడానికి ఆయన చావాలా? నా చేతులకు ఈ పని రావడానికి మా పిల్ల చావాలా? ఎవరికేం మేలు జరిగింది?"

సలోమి అమ్మగారు ఎడమచెయ్యి చాచింది.

"అట్టా అనలేదే. నాకూ అర్థం కాలా. అర్థమయ్యాకే నమ్ముదామంటే, అంతదాకా ఎట్టా బతికేది? ఆ చెయ్యి ఇటివ్వు."

దీనమ్మ దువ్వెన పక్కన పెట్టి చెయ్యి అందించింది. పొద్దువాలేదాకా అట్లాగే ఉన్నారు.

ఆ తర్వాత మూడేళ్ళు బతికింది సలోమి అమ్మగారు. చివరి వారం ముద్ద మింగలేకపోయింది. సంఘం వాళ్ళు వచ్చి పాటలు పాడి వెళ్ళారు. అందరూ వెళ్ళాక, తెల్లటి ఎండ గుమ్మంలోకి వచ్చి పడుతుండగా, దీనమ్మ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా, అక్కడ మా కృప కనిపిస్తే ఒక మాట చెప్పండి. మీ అమ్మకు దేవుడి మీద కోపం ఇంకా తగ్గలేదని చెప్పండి." ఆమె దుప్పటి సర్దింది. "అయినా అక్కడికి వస్తదని చెప్పండి."

సలోమి అమ్మగారు ఎడమచేత్తో ఆమె చెంప మీద తట్టింది. అంతకు మించి ఆ చేతిలో బలం లేదు.